ఇటలీలో 50 ప్రభుత్వాలు, ఒకే పార్టీ: 1946–1994 మధ్య అసలు మారినదేమిటి?

తీరిక చదువరి:

1946 జూలై నుంచి 1994 మే వరకు ఇటలీలో ఏర్పడిన మంత్రివర్గాలను వరుసగా రాసుకుంటూ పోతే, దె గాస్పెరి రెండవ మంత్రివర్గం మొదలుకొని చాంపి మంత్రివర్గం దాకా 50 తేలాయి. అంటే సగటున ఒక్కొక్కటి ఏడాది నిండకుండానే దిగిపోయింది. చిత్రమేమిటంటే ఆ 50కీ కలిపి ప్రధానమంత్రులు 20 మందే. వారిలో 16 మంది క్రిస్టియన్ డెమొక్రటిక్ పార్టీ వారు. ఆ పార్టీకి చోటు లేని మంత్రివర్గం ఆ 48 ఏళ్ళలో ఒక్కటీ లేదు. అంద్రెయోత్తి ఒక్కరే 7 మంత్రివర్గాలకు, ఫన్‌ఫాని 6 మంత్రివర్గాలకు నాయకత్వం వహించారు.

రాజకీయ అస్థిరత గురించి రాసేటప్పుడు ఇటలీని ఉదాహరించడం మన పత్రికలకు పాత అలవాటు. ఒకే పార్టీ దాదాపు అర్ధ శతాబ్దం అధికారంలో కొనసాగిన దేశాన్ని అస్థిరమని ఎలా అనగలం? పోనీ స్థిరమే అనుకుందామంటే ఏటేటా ఈ రాజీనామాలకు కారణమేమిటి? ఈ కాలాన్ని శ్రద్ధగా చదివిన సభ్యులు వివరిస్తారనే ఆశతో ఈ చర్చను ప్రారంభిస్తున్నాను.

కాలరేఖ:

మీరు అడిగిన రెండు ప్రశ్నలకూ సమాధానం ఒక్కటేనని నా అభిప్రాయం. అధికారం చేతులు మారే అవకాశం లేకపోవడం వల్లనే మంత్రివర్గాలు అన్నిసార్లు మారాయి.

యుద్ధానంతరం ఫాసిజాన్ని ఎదిరించిన పార్టీలన్నీ కలిసి ప్రభుత్వం నడిపాయి. కమ్యూనిస్టు నాయకుడు తొల్యాత్తి న్యాయశాఖ మంత్రిగా కూడా పనిచేశారు. 1947 మేలో దె గాస్పెరి కమ్యూనిస్టులను, సోషలిస్టులను ప్రభుత్వం నుంచి తప్పించారు. మరుసటి ఏడాది ఏప్రిల్ 18న జరిగిన ఎన్నికలు ప్రచ్ఛన్న యుద్ధపు తొలి పోరాటాలలో ఒకటి. కమ్యూనిస్టులు గెలిస్తే సహాయం ఆగిపోతుందని అమెరికా బహిరంగంగానే హెచ్చరించింది, రహస్యంగా డబ్బు కూడా పంపింది. చర్చి తన సంఘాలన్నిటినీ ప్రచారంలోకి దింపింది. అమెరికాలో స్థిరపడిన ఇటాలియన్లు స్వదేశంలోని బంధువులకు ఉత్తరాలు రాసి ఎవరికి ఓటు వేయాలో చెప్పారు. క్రిస్టియన్ డెమొక్రాట్లకు 48.5 శాతం ఓట్లు, ప్రతినిధుల సభలోని 574 స్థానాలలో 305 స్థానాలు దక్కగా, గారిబాల్డి ముఖచిత్రాన్ని గుర్తుగా పెట్టుకున్న వామపక్ష కూటమి 31 శాతం దగ్గర ఆగిపోయింది.

ఆ తరువాత కమ్యూనిస్టు పార్టీ క్షీణించలేదు, పెరుగుతూ వచ్చింది. 1953లో 22.6 శాతం, 1963లో 25.3 శాతం, 1976లో 34.4 శాతం. పశ్చిమ ఐరోపాలో అంతటి కమ్యూనిస్టు పార్టీ మరొకటి లేదు. నాటో సభ్యదేశంలో దానిని మంత్రివర్గంలోకి రానివ్వకూడదన్నది మాత్రం రాయని నియమంగా నిలిచిపోయింది. కుడివైపున ముస్సోలినీ అనుచరులు పెట్టుకున్న ఇటాలియన్ సోషల్ మూవ్‌మెంట్‌కు కూడా తలుపులు మూసే ఉంచారు. రెండు చివరలనూ కత్తిరించివేస్తే మిగిలేది మధ్యలోని పార్టీలే. వాటిలో పెద్దది క్రిస్టియన్ డెమొక్రటిక్ పార్టీ. 1963, 1968, 1972, 1976, 1979 ఎన్నికలలో దాని ఓటు 38, 39 శాతాల మధ్యనే కదలాడింది. పోలింగ్ 90 శాతం దాటే దేశంలో ఫలితం మాత్రం ముందే తెలిసిపోయేది. ఓటర్లు దించలేని ప్రభుత్వాన్ని ఆ పార్టీలోని వర్గాలే దించుతూ, ఎక్కిస్తూ వచ్చాయి.

మన కేరళలో 1957లోనే కమ్యూనిస్టులు ఎన్నికల ద్వారా ప్రభుత్వాన్ని ఏర్పరచిన సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవచ్చు. రెండేళ్ళకే దానిని కేంద్రం రద్దు చేసిందన్నది నిజమే, అయినా 1967లో వారు ఓటు ద్వారానే తిరిగి వచ్చారు. ఇటలీ జాతీయ ప్రభుత్వంలో కమ్యూనిస్టు పార్టీకి 1947 తరువాత ఒక్క మంత్రి పదవి కూడా దక్కలేదు.

రాజ్యాంగ విద్యార్థి:

కాలరేఖ గారు చెప్పినది రాజకీయ కారణం. దానికి తోడు రాజ్యాంగ నిర్మాణంలోనే కార్యనిర్వాహక వర్గాన్ని బలహీనంగా ఉంచాలన్న నిర్ణయం ఉంది.

1946 జూన్ 2న ఇటాలియన్లు రెండు ఓట్లు వేశారు. రాజరికమా, గణతంత్రమా అన్నది ఒకటి, గణతంత్రానికి 54.3 శాతం వచ్చింది. రాజ్యాంగ సభకు 556 మంది ప్రతినిధుల ఎన్నిక రెండవది. ఆ సభలోని వారిలో చాలామంది ఫాసిస్టు జైళ్ళను, ప్రవాసాన్ని చూసినవారు. 20 ఏళ్ళ పాటు ఒకే వ్యక్తి పెత్తనాన్ని భరించిన తరం అది. పైగా 1947లో తదుపరి ఎన్నికలు ఎవరు గెలుస్తారో ఏ పక్షానికీ తెలియదు కనుక, ఎదుటి పక్షం గెలిచినా తమను అణచివేయలేని ఏర్పాటే అందరికీ క్షేమంగా తోచింది. అందుకే 1947 డిసెంబరు 22న 453–62 ఓట్లతో ఆమోదించిన రాజ్యాంగంలో సమాన అధికారాలు గల రెండు సభలు ఉన్నాయి, ప్రభుత్వం ఆ రెండింటి విశ్వాసాన్నీ పొందాలి. ప్రధానికి తన మంత్రిని తొలగించే అధికారాన్ని రాజ్యాంగం స్పష్టంగా ఇవ్వలేదు. ఎన్నికల పద్ధతి ఓట్ల నిష్పత్తిని బట్టి స్థానాలు పంచేది కాబట్టి చిన్న పార్టీలకూ పార్లమెంటులో చోటు దొరికేది.

మన పాఠకులకు ఆసక్తి కలిగించే అంశం మరొకటి ఉంది. ఇటలీ రాజ్యాంగం 67వ అధికరణం ప్రకారం పార్లమెంటు సభ్యుడు జాతి మొత్తానికి ప్రతినిధి, ఎవరి ఆదేశానికీ కట్టుబడనవసరం లేదు. మనం 1985లో పదవ షెడ్యూలు ద్వారా పార్టీ ఆజ్ఞను ధిక్కరించిన సభ్యుడి సభ్యత్వాన్ని రద్దు చేసే ఏర్పాటు చేసుకున్నాము. వారు సరిగ్గా దానికి ఎదురు దారిలో వెళ్ళారు. అంతటితో ఆగక, ప్రతినిధుల సభలో బిల్లుల మీద తుది ఓటింగును 1988 దాకా రహస్యంగా జరిపారు. విశ్వాస ఓటు మాత్రం బహిరంగం. పర్యవసానం ఊహించవచ్చు. 1980 సెప్టెంబరులో కొస్సీగా ప్రభుత్వం బహిరంగ విశ్వాస ఓటులో నెగ్గింది. ఆ వెంటనే అదే ఆర్థిక అత్యవసరాదేశం మీద జరిగిన రహస్య ఓటింగులో ఒక్క ఓటు తేడాతో ఓడిపోయి రాజీనామా చేసింది. పేరు పిలిచినప్పుడు ప్రభుత్వాన్ని సమర్థించిన సొంత కూటమి సభ్యులే చాటున వ్యతిరేకంగా ఓటు వేశారన్నమాట. ఇలాంటి వారిని ఇటాలియన్ పత్రికలు చాటు తుపాకీ వీరులని పిలిచేవి.

తీరిక చదువరి:

మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. ఒక సందేహం మిగిలింది. అవిశ్వాస తీర్మానాలు నెగ్గడం వల్ల పడిపోయిన ప్రభుత్వాలు ఈ 50లో ఎన్ని?

రాజ్యాంగ విద్యార్థి:

ఒక్కటీ లేదు. ప్రమాణం చేసిన తరువాత మొదటి విశ్వాస పరీక్షలోనే ఓడిపోయినవి 5 ఉన్నాయి: 1953లో దె గాస్పెరి ఎనిమిదవ మంత్రివర్గం, 1954లో ఫన్‌ఫాని మొదటిది, 1972లో అంద్రెయోత్తి మొదటిది, 1979లో ఆయనదే ఐదవది, 1987లో ఫన్‌ఫాని ఆరవది. మిగిలినవన్నీ ఎన్నికలకు వెళ్ళేటప్పుడో, పార్టీ కార్యాలయాలలో మాట కుదరకపోవడం వల్లనో, మిత్రపక్షం మద్దతు ఉపసంహరించడం వల్లనో, పైన చెప్పిన రహస్య ఓటింగుల వల్లనో రాజీనామా చేసినవే.

1987 ఉదంతం చెప్పకుండా ఉండలేను. గడువుకు ముందే ఎన్నికలు జరిపించాలని క్రిస్టియన్ డెమొక్రాట్లు కోరుకున్నారు, సోషలిస్టులు వద్దన్నారు. కనుక తమ పార్టీకి చెందిన ఫన్‌ఫాని ప్రభుత్వానికి మద్దతు ఇవ్వకుండా క్రిస్టియన్ డెమొక్రాట్లే తటస్థంగా ఉండిపోయారు. దానిని నిలబెట్టడానికి సోషలిస్టులు అనుకూలంగా ఓటు వేశారు. ప్రభుత్వం ఓడింది, ఎన్నికలు జరిగాయి.

బొలోనా పాత విద్యార్థి:

పై వ్యాఖ్యలు చదివితే క్రిస్టియన్ డెమొక్రాట్లు ఆది నుంచీ వర్గాల గుంపే అన్న భావన కలుగుతుంది. దె గాస్పెరి కాలాన్ని వేరుగా చూడాలని నా మనవి.

ఆయన అప్పట్లో ఆస్ట్రియా–హంగరీ సామ్రాజ్యంలో ఉన్న త్రెంతీనోలో పుట్టారు, వియన్నా పార్లమెంటులో సభ్యుడిగా కూర్చున్నారు, ఫాసిస్టు పాలనలో జైలుకు వెళ్ళివచ్చి వాటికన్ గ్రంథాలయంలో చిన్న ఉద్యోగంతో కాలం గడిపారు. 1948లో ప్రతినిధుల సభలో సొంత ఆధిక్యం వచ్చినా ఒంటరిగా పాలించకుండా లిబరల్, రిపబ్లికన్, సోషల్ డెమొక్రటిక్ పార్టీలకు మంత్రి పదవులు ఇచ్చారు. దీనిని కేవలం ఔదార్యంగా భావించనవసరం లేదు. మతంతో సంబంధం లేని ఆ చిన్న పార్టీలు పక్కన ఉన్నంతకాలం వాటికన్ చెప్పిన ప్రతి మాటకూ తల ఊపనవసరం లేదన్న లెక్క కూడా అందులో ఉంది. 1952 రోమ్ నగర ఎన్నికలప్పుడు అది బయటపడింది. నగరం కమ్యూనిస్టుల చేతికి పోతుందన్న భయంతో, రాజరికవాదులతో, నయా ఫాసిస్టులతో కలిసి ఉమ్మడి జాబితా పెట్టాలని పోప్ పన్నెండవ పయస్ పక్షం ఒత్తిడి చేసింది. దె గాస్పెరి అంగీకరించలేదు. కొద్దికాలానికి తన 30వ వివాహ వార్షికోత్సవం, కుమార్తె సన్యాస దీక్ష సందర్భంగా కుటుంబంతో పోప్ దర్శనం కోరితే, ఆ విన్నపాన్ని తిరస్కరించారు. జీవితాంతం చర్చికి విధేయుడైన ప్రధానమంత్రికి అది ఎంతటి దెబ్బో చెప్పనక్కరలేదు.

1953 నాటి ఎన్నికల చట్టాన్ని కూడా ఈ నేపథ్యంలోనే చదవాలి. సగానికి మించి ఓట్లు తెచ్చుకున్న కూటమికి ప్రతినిధుల సభలో 65 శాతం స్థానాలు కట్టబెట్టాలని ఆ చట్టం చెప్పింది. ప్రతిపక్షం దానికి మోసపు చట్టమని పేరు పెట్టింది, ఆ పేరే చరిత్రలో నిలిచింది. పావు వంతు ఓట్లు వచ్చిన జాబితాకు మూడింట రెండు వంతుల స్థానాలిచ్చిన 1923 నాటి ఫాసిస్టు చట్టం అప్పటికి ఇంకా అందరికీ గుర్తుంది. సెనేటులో 1953 మార్చి 29న, మట్టల ఆదివారం నాడు, బల్లలు విరిగేంత గందరగోళం మధ్య దానిని ఆమోదించారు. జూన్‌లో ఎన్నికలు జరిగితే కూటమికి 49.8 శాతం వచ్చింది. దాదాపు 54,000 ఓట్లు తక్కువయ్యాయి. మరుసటి సంవత్సరమే చట్టాన్ని రద్దు చేశారు. ఆ 54,000 ఓట్లు పడి ఉంటే దె గాస్పెరికి ఐదేళ్ళ స్థిరమైన ఆధిక్యం ఉండేది, పార్టీ వర్గాలకు బేరమాడే బలం అంతగా వచ్చేది కాదు. ఆయన ఆ వేసవిలోనే విశ్వాస పరీక్షలో ఓడి తప్పుకొన్నారు, 1954 ఆగస్టులో మరణించారు. మీరు చెబుతున్న వర్గాల రాజ్యం నిజానికి అక్కడి నుంచి మొదలవుతుంది.

కాలరేఖ:

ఈ విభజనను అంగీకరిస్తాను. వర్గాల రాజ్యం ఎలా నడిచిందో ఒక ఉదాహరణ ఇస్తాను. 1958లో ఫన్‌ఫాని ప్రధాని, విదేశాంగ మంత్రి, పార్టీ కార్యదర్శి అనే మూడు పదవులనూ తన దగ్గరే ఉంచుకున్నారు. ఆరు నెలలు తిరిగేసరికి సొంత పార్టీ సభ్యులే రహస్య ఓటింగులలో ఆయనను పదేపదే ఓడించి, 1959 జనవరిలో రాజీనామా చేయించారు. ఆయన వర్గంలోనే తిరగబడినవారు రోమ్‌లోని సెయింట్ డొరోతియా కాన్వెంటులో సమావేశమై కొత్త వర్గం కట్టారు. అందుకే వారికి దొరొతేయి అన్న పేరు వచ్చింది. తరువాతి దశాబ్దంలో పార్టీని శాసించినది ఈ వర్గమే.

1960లలో పార్టీ అంతర్గత ఎన్నికలలో కూడా వర్గాల బలాన్ని బట్టి స్థానాలు పంచే పద్ధతి వచ్చింది. దానితో ప్రతి వర్గానికీ విడిగా కార్యాలయం, పత్రిక, నిధులు ఏర్పడ్డాయి. మంత్రి, సహాయ మంత్రి పదవులకు ఒక్కొక్క విలువ కట్టి, మహాసభలో వచ్చిన ఓట్ల శాతాన్ని బట్టి పంచే లెక్కను ఆ దశాబ్దం చివర సార్తి అనే నాయకుడి సహాయకుడు చెన్‌చెల్లి తయారుచేశారు. చెన్‌చెల్లి సూత్రమంటే నేటికీ ఇటలీలో పదవుల పంపకమనే అర్థం. ఒక వర్గం బలం రెండు శాతం పెరిగితే పాత పంపకం చెల్లదు, మంత్రివర్గాన్ని కూల్చి మళ్ళీ కట్టాలి. ఉమ్మడి కుటుంబంలో ఆస్తి ఎవరూ బయటివారికి అమ్మరు గాని, గదుల పంపకం మీద ఏటా పంచాయతీ పెట్టుకుంటారు. వీరి వరసా అదే.

లెక్కల మాస్టారు:

ఇంతవరకు నడిచిన చర్చలో ఒక ప్రమాదం కనిపిస్తున్నది. అస్థిరత అన్నది పైపై దృశ్యమే, లోపల అంతా చక్కగా సాగింది అన్న ధ్వని వస్తున్నది. ఆ ఏర్పాటుకు ప్రజలు చెల్లించిన ధర చిన్నది కాదు.

మొదటి ధర, ఆలస్యం. 1948 జనవరి 1న అమలులోకి వచ్చిన రాజ్యాంగం వాగ్దానం చేసిన రాజ్యాంగ న్యాయస్థానం పని మొదలుపెట్టినది 1956లో. న్యాయమూర్తుల స్వతంత్ర మండలి ఏర్పడినది 1958లో. సాధారణ ప్రాంతీయ ప్రభుత్వాలకు తొలి ఎన్నికలు జరిగినది 1970లో. ప్రాంతాలు ఏర్పడితే ఎమీలియా–రొమాన్యా, టస్కనీ, ఉంబ్రియా కమ్యూనిస్టుల చేతికి పోతాయని పాలక పక్షానికి తెలుసు. అందుకే రాజ్యాంగ విధిని 22 ఏళ్ళు అటకెక్కించింది. రెండవ ధర, అప్పు. ప్రతి వర్గాన్నీ, ప్రతి మిత్రపక్షాన్నీ తృప్తిపరచడానికి ఖర్చు పెరుగుతూ పోయింది, పన్నుల ఎగవేతను చూసీచూడనట్లు వదిలేశారు. 1980ల మొదట్లో జాతీయోత్పత్తిలో సుమారు 60 శాతంగా ఉన్న ప్రభుత్వ రుణం 1992 నాటికి 100 శాతం దాటింది. స్థిరమైన నాయకత్వమని పేరున్న సోషలిస్టు ప్రధాని క్రాక్సి కాలంలోనూ, అంటే 1983–87 మధ్యలోనూ, ఆ పెరుగుదల ఆగలేదు.

మూడవ ధరను అంకెలలో పెట్టలేము. ప్రభుత్వ రంగ పరిశ్రమలు, బ్యాంకులు, ఆసుపత్రులు, చివరకు ప్రభుత్వ టెలివిజన్ ఛానళ్ళు కూడా పార్టీల వాటాలయ్యాయి. మొదటి ఛానల్ క్రిస్టియన్ డెమొక్రాట్లది, రెండవది సోషలిస్టులది, 1980లు ముగిసేలోగా మూడవది కమ్యూనిస్టులది. మంత్రివర్గంలో చోటు దక్కని పార్టీకి ఇక్కడ మాత్రం చోటు దక్కిందని గమనించగలరు.

సాగరతీర:

లెక్కల మాస్టారు గారు చెప్పిన ధరలను కాదనను. అయితే ఆ పార్లమెంటు ఏమీ సాధించలేదన్న అభిప్రాయానికి 1978 సంవత్సరమే సమాధానం. ఆ ఏడాది మే 13న మానసిక చికిత్సాలయాలను మూసివేయించే చట్టం, మే 22న గర్భస్రావాన్ని చట్టబద్ధం చేసే చట్టం, డిసెంబరు 23న దేశ ప్రజలందరికీ వైద్యాన్ని అందించే జాతీయ ఆరోగ్య వ్యవస్థ చట్టం వచ్చాయి. మూడవదాన్ని నడిపించిన ఆరోగ్య మంత్రి తీనా అన్‌సెల్మి. 1976లో కార్మిక శాఖ చేపట్టి ఇటలీకి తొలి మహిళా మంత్రి అయినది ఆమే. 1946లో జాతీయ స్థాయిలో మొదటిసారి ఓటు వేసిన మహిళలు రాజ్యాంగ సభకు పంపినది 21 మందినే. వారిలో ఒకరైన నీల్దె యొత్తి, కమ్యూనిస్టు పార్టీ సభ్యురాలు, 1979 నుంచి 13 ఏళ్ళు ప్రతినిధుల సభకు అధ్యక్షత వహించారు.

విడాకుల చట్టం సంగతి మరీ విశేషం. 1970లో పార్లమెంటు దానిని క్రిస్టియన్ డెమొక్రాట్ల వ్యతిరేకతను కాదని ఆమోదించింది. అంటే ప్రధాన పాలక పక్షం ఓడిపోయింది, అయినా ప్రభుత్వంలోనే ఉంది. ఆ చట్టాన్ని రద్దు చేయాలని 1974 మేలో జరిపించిన ప్రజాభిప్రాయ సేకరణలో 59.3 శాతం మంది రద్దు వద్దన్నారు. ఫన్‌ఫాని పార్టీ కార్యదర్శిగా ఊరూరా తిరిగి ప్రచారం చేసినా ఫలితం దక్కలేదు. ఎన్నికలలో అదే పార్టీకి ఓటు వేస్తూ, ఇంటి విషయంలో దాని మాట వినని కుటుంబాలు లక్షలలో ఉన్నాయని అప్పుడే తెలిసింది.

రాజ్యాంగ విద్యార్థి:

సాగరతీర గారి మాటకు ఒక సాంకేతిక వివరం జోడిస్తాను. 72వ అధికరణం ప్రకారం పార్లమెంటు స్థాయీ సంఘాలు నిండు సభకు పంపకుండానే చాలా రకాల బిల్లులను నేరుగా చట్టాలు చేయవచ్చు. తొలి దశాబ్దాలలో చట్టాలలో అధిక భాగం అలా వచ్చినవే, వాటిలో చాలావాటికి కమ్యూనిస్టు సభ్యులు కూడా ఓటు వేశారు. బహిరంగ సభలలో ఒకరినొకరు దేశద్రోహులని తిట్టుకున్నవారే సంఘం గదిలో కూర్చొని పింఛన్ల చట్టాన్ని, ఉద్యోగుల చట్టాన్ని సర్దుకునేవారు. మంత్రివర్గాలు పడిపోతున్నా యంత్రం ఆగకపోవడానికి ఇది ముఖ్య కారణం. వచ్చిన చట్టాలలో ఎక్కువ భాగం చిన్న చిన్న వర్గాలకు చిన్న చిన్న మేళ్ళు చేసేవి కాబట్టి, లెక్కల మాస్టారు గారు చెప్పిన అప్పుకు కూడా ఇదొక కారణమే.

తీరిక చదువరి:

దక్షిణ ఇటలీ ప్రస్తావన ఇంతవరకు రాలేదు. క్రిస్టియన్ డెమొక్రాట్ల బలానికి ఆ ప్రాంతమే పునాది అని చదివాను.

బొలోనా పాత విద్యార్థి:

పునాది అయినది తరువాతే. 1946లో దక్షిణం రాజరికానికి ఓటు వేసింది. నేపుల్స్‌లో రాజు పక్షానికి దాదాపు 80 శాతం పడింది. 1950లలో ఆ నగరానికి మేయరైనది ఓడల వ్యాపారి, రాజరికవాది అకిల్లె లౌరో. ఓటు వేయక ముందు ఎడమ కాలి బూటు, వేసిన తరువాత కుడి కాలి బూటు పంచారని ఆయన గురించి చెప్పుకుంటారు. మన ఎన్నికలు చూసినవారికి ఆశ్చర్యం కలగకపోవచ్చు గాని, జత విడదీయాలన్న ఆలోచన మనవారికి రాలేదనుకుంటాను.

1950లో వచ్చిన భూసంస్కరణ, అదే ఏడాది ఏర్పాటైన దక్షిణాభివృద్ధి నిధి పరిస్థితిని మార్చాయి. నిధి రోడ్లు, నీటిపారుదల, ఆనకట్టలు నిర్మించింది. అది చేసిన మేలును తక్కువ చేయకూడదు. అయితే కాంట్రాక్టు ఎవరికి, ఉద్యోగం ఎవరికి, పింఛను ఎవరికి అన్న నిర్ణయం స్థానిక పార్టీ నాయకుడి చేతికి వచ్చింది. పాత జమీందారు స్థానంలో పార్టీ కార్యదర్శి కూర్చున్నాడు. కమ్యూనిస్టులు పాలించిన బొలోనాలోనూ పార్టీ సిఫారసు లేదనలేము. అయితే 1945 నుంచి 1966 దాకా మేయరుగా ఉన్న దొజ్జా అప్పు చేయకుండా బడ్జెట్ నడిపి చూపించాలని పట్టుదలగా ఉండేవారు. రోమ్‌లో తమను నమ్మనివారికి నగరపాలన ద్వారా సమాధానం చెప్పాలన్నది ఆ పార్టీ ఉద్దేశం.

కాలరేఖ:

తలుపు తెరవడానికి రెండుసార్లు ప్రయత్నం జరిగింది, రెండింటి వెనుకా క్రిస్టియన్ డెమొక్రాట్ నాయకుడు అల్దో మోరో ఉన్నారు.

మొదటిది సోషలిస్టుల కోసం. 1960లో తంబ్రోని ప్రభుత్వం నయా ఫాసిస్టుల ఓట్లతో నిలబడాలని చూస్తే జెనోవాలో జనం వీధుల్లోకి వచ్చారు. జూలై 7న రెజ్జో ఎమీలియాలో పోలీసు కాల్పులకు 5 మంది చనిపోయారు. కుడివైపు దారి మూసుకుపోయిందని అప్పుడు తేలింది. 1962లో సోషలిస్టులు తటస్థంగా ఉండి ఫన్‌ఫాని ప్రభుత్వాన్ని నిలబెట్టారు. విద్యుత్తు జాతీయం, 14 ఏళ్ళ దాకా అందరికీ ఒకే మాధ్యమిక పాఠశాల ఆ ఏడాది వచ్చాయి. 1963 డిసెంబరులో మోరో ప్రధానిగా, సోషలిస్టు నాయకుడు నెన్ని ఉప ప్రధానిగా ప్రభుత్వం ఏర్పడింది. 1964 వేసవిలో ఆ కూటమి సంక్షోభంలో పడి చర్చలు జరుగుతుండగా, సైనిక పోలీసు దళమైన కారబినియేరి అధిపతి దె లొరెంజో రాజకీయ నాయకుల అరెస్టులకు, ప్రభుత్వ భవనాల స్వాధీనానికి ఒక ప్రణాళిక సిద్ధం చేసి ఉంచిన సంగతి 1967లో పత్రికల ద్వారా బయటపడింది. సంస్కరణల పదును తగ్గడంలో ఆ భయానికి ఎంత పాత్ర ఉందో చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు.

రెండవది కమ్యూనిస్టుల కోసం. చిలీలో 1973లో అయెందే ప్రభుత్వాన్ని సైన్యం కూల్చిన తరువాత, 51 శాతం ఓట్లు వచ్చినా వామపక్షం ఒంటరిగా పాలించలేదని కమ్యూనిస్టు నాయకుడు బెర్లింగ్వేర్ నిర్ధారణకు వచ్చి, క్రిస్టియన్ డెమొక్రాట్లతో చారిత్రక రాజీని ప్రతిపాదించారు. 1976లో అంద్రెయోత్తి ప్రభుత్వం కమ్యూనిస్టులు వ్యతిరేకించకపోవడం వల్లనే నడిచింది. వారు అనుకూలంగా ఓటు వేయబోయే కొత్త మంత్రివర్గాన్ని పార్లమెంటు ముందుకు తెచ్చిన రోజు 1978 మార్చి 16. ఆ ఉదయమే రోమ్‌లోని ఫాని వీధిలో రెడ్ బ్రిగేడ్స్ అనే తీవ్ర వామపక్ష సాయుధ ముఠా మోరో అంగరక్షకులు 5 మందిని చంపి ఆయనను అపహరించింది. 55 రోజుల తరువాత, మే 9న, ఆయన శవం కయెతాని వీధిలో ఒక కారులో దొరికింది. ఆ వీధి రెండు పార్టీల ప్రధాన కార్యాలయాలకూ దగ్గరలోనే ఉంది. 1979 ఆరంభంలో కమ్యూనిస్టులు మద్దతు ఉపసంహరించారు. ఆ తలుపు మళ్ళీ తెరుచుకోలేదు.

లెక్కల మాస్టారు:

అయితే ఈ ఏర్పాటు చివరకు ఎలా కూలింది? బెర్లిన్ గోడ, మిలాన్ లంచాల కేసు అన్న సమాధానం అందరికీ తెలిసినదే. అంతకు ముందే పగులు కనిపించిందా అన్నది నా ప్రశ్న.

రాజ్యాంగ విద్యార్థి:

కనిపించింది, 1991 జూన్ 9న. ఓటరు పార్టీని ఎంచుకోవడమే కాక, ఆ పార్టీ జాబితాలో మూడు నాలుగు పేర్లకు ప్రాధాన్య ఓటు కూడా వేసే వీలు అప్పట్లో ఉండేది. పేరుకు బదులు జాబితాలోని సంఖ్య రాసినా చెల్లేది. వినడానికి ఓటరుకు ఇచ్చిన స్వేచ్ఛలా ఉన్నా, జరిగింది వేరు. స్థానిక నాయకుడు ఒక్కొక్క కుటుంబానికి ఒక్కొక్క సంఖ్యల వరుస చెప్పి పంపేవాడు. లెక్కింపు కేంద్రంలో ఆ వరుస కనిపిస్తే మాట నిలబెట్టుకున్నట్లు, కనిపించకపోతే తప్పినట్లు. రహస్య ఓటు మీద సంతకం పెట్టించుకున్నట్లే అయింది. వర్గాల నాయకులు అభ్యర్థులను జట్లుగా కట్టి గెలిపించుకున్నది కూడా ఈ పద్ధతితోనే.

ప్రాధాన్య ఓటును ఒక్కటికి తగ్గించాలని మారియో సెన్యి ప్రజాభిప్రాయ సేకరణ కోరారు. ఆయన పెట్టిన మూడు ప్రశ్నలలో రెండింటిని రాజ్యాంగ న్యాయస్థానం కొట్టివేసింది, ఇది ఒక్కటే మిగిలింది. సగం మంది ఓటు వేయకపోతే ఫలితం చెల్లదు కాబట్టి, సముద్ర తీరానికి విహారానికి వెళ్ళండని క్రాక్సి జనానికి సలహా ఇచ్చారు. 62.5 శాతం మంది పోలింగు కేంద్రాలకు వచ్చారు, వారిలో 95 శాతానికి పైగా అవునన్నారు. మిలాన్‌లో లంచాల కేసుకు నాంది పలికిన మారియో కియేజా అరెస్టు జరిగినది 1992 ఫిబ్రవరి 17న, అంటే ఎనిమిది నెలల తరువాత. 1993 ఏప్రిల్‌లో సెనేటు ఎన్నికల పద్ధతి మీద కూడా జనం అదే తీర్పు ఇచ్చారు. 1994 జనవరిలో క్రిస్టియన్ డెమొక్రటిక్ పార్టీ తన పేరుతో సహా కనుమరుగైంది.

లెక్కల మాస్టారు:

ఈ మారియో సెన్యి, 1950లలో ప్రధానిగా, 1962లో దేశాధ్యక్షుడిగా ఎన్నికైన అంతోనియో సెన్యి కుమారుడే కదా? స్వయంగా క్రిస్టియన్ డెమొక్రాట్ పార్లమెంటు సభ్యుడు కూడా. అంటే ఆఖరి దెబ్బ కూడా ఆ పార్టీ లోపలి నుంచే వచ్చిందన్నమాట. అయితే కాలరేఖ గారు మొదట చెప్పిన సూత్రం చివరిదాకా నిలిచినట్లే.

కాలరేఖ:

సగమే నిలిచింది. ఆయన లోపలి మనిషే. అయితే ఫన్‌ఫానిని దించినవారు కాన్వెంటులో సమావేశమై, రహస్య ఓటింగులో పని ముగించుకున్నారు. సెన్యి సంతకాలు సేకరించి నేరుగా ఓటర్ల దగ్గరకు వెళ్ళారు. 1970 దాకా ప్రజాభిప్రాయ సేకరణకు విధానాన్ని ఏర్పరిచే చట్టమే లేదు. ఆ ఏడాది దానిని తెచ్చినవారే క్రిస్టియన్ డెమొక్రాట్లు, విడాకుల చట్టాన్ని ఓడించవచ్చునన్న ఆశతో.

తీరిక చదువరి:

ఆ ఒక్క చట్టం మీదే విడిగా చర్చ పెట్టవచ్చు. 1974, 1985, 1991 ఫలితాలను పక్కపక్కన ఉంచి వారాంతంలో కొత్త శీర్షిక ప్రారంభిస్తాను. 1985లో ధరలతో పాటు జీతాలు పెరిగే ఏర్పాటును తగ్గించిన క్రాక్సి చట్టాన్ని రద్దు చేయాలని కమ్యూనిస్టులు కోరి ఎందుకు ఓడారో వివరించగలవారు సిద్ధంగా ఉండవలసిందిగా కోరుతున్నాను.